యాకూబ్ చాచా కెమెరా బంద్ పెట్టలేదు

ఫొటోగ్రాఫర్లకు పని ఇచ్చేవాళ్ళను వెతికిపెట్టడం నా ఉద్యోగం. ఈ రోజు ఖమ్మం ఆఫీసులో పాత నంబర్లు సరిచూస్తూ, ఫోన్ ఎత్తని వాళ్ళ పేర్లు తీసేస్తున్నాను. టేకులపల్లి స్టూడియో యాకూబ్ చాచా పేరు కూడా తీసేయబోతుంటే ఆయనే తిరిగి ఫోన్ చేశారు. పదో తరగతి హాల్ టికెట్‌కు నా ఫొటో తీసింది ఆయనే.

"చాచా, నేను నర్సు మేరమ్మ బిడ్డను, సునీతను."

"అవ్, నవ్వమంటే ఏడ్చిన పిల్లవు గదా! ఏంది బిడ్డా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?"

ఆ గొంతు వినగానే స్టూడియోలోని నీలం పరదా, వేడి లైటు కళ్ళ ముందుకొచ్చాయి.

"స్టూడియో నడుస్తుందా చాచా?"

"స్టూడియో బంద్ పెట్టిన. కెమెరా బంద్ పెట్టలే."

భద్రాచలం దగ్గర వెదురు బుట్టలల్లే ఆడవాళ్ళ సంఘం నిన్ననే ఫొటోలు కావాలని అడిగింది. వెంటనే చాచాను, వాళ్ళను ఫోన్లో కలిపాను. సాయంత్రం చాచా మళ్ళీ ఫోన్ చేశారు.

"రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న. పౌడర్ డబ్బా, దువ్వెన గూడ పెట్టుకున్న."

"ఫొటోలు బుట్టలకు చాచా, మనుషులకు కాదు."

"అల్లినోళ్ళు లేకుండ ఉత్త బుట్ట ఫొటో ఏంది బిడ్డా?"

సంఘం వాళ్ళకు అదే చెప్తే, ఏ చీరలు కట్టుకోవాలని అడిగారు!

మీ మొదటి ఫొటో తీసినాయన మీకు గుర్తున్నారా? ఆయన ఇంకా ఫొటోలు తీస్తుంటే నాకు చెప్పండి, పని నేను వెతుకుతాను.