దేవుడి వాటా మీద పన్ను

2022 మే నెల. సూళ్లూరుపేట రైల్వేస్టేషన్ రోడ్డులో జిరాక్సు షాపు పైనున్న ఒంటిగది నా ఆఫీసు. నేను టాక్స్ కన్సల్టెంటుని. చిన్న వ్యాపారులు తమ అమ్మకాల లెక్కలు ప్రభుత్వానికి పంపాలి. వాటిని రిటర్నులు అంటాం. వాళ్ల తరఫున అవి నింపి పంపడం నా పని. దానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు గానీ, పన్నుల మీద జనానికున్న కోపాన్ని కూర్చుని వినే ఓపిక మాత్రం దండిగా కావాలి. ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఆ ఓపిక నాకు సహజంగా ఉన్నది కాదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ కోపం అందరికంటే ఎక్కువ ఉన్నవాడు చెంచురామయ్య. దొరవారిసత్రంలో వరి పండిస్తాడు, మా ఊళ్లో బోరు మోటార్ల సామాన్లు, పైపులు అమ్మే దుకాణం నడుపుతాడు. రిటర్ను పనికి పది నిమిషాలు చాలు. ఆయన మాత్రం పూటంతా కూర్చునేవాడు. ఆ ఏప్రిల్‌లోనే మా ఊరిని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. "జిల్లా మార్చినారు గానీ పన్ను మార్చలేదు చూడు పద్మమ్మా" అనేవాడు వచ్చినప్పుడల్లా.

ఆ రోజుల్లో శ్రీలంక పరిస్థితి ఘోరంగా ఉండింది. గ్యాసు లేదు, పెట్రోలు లేదు, పిల్లలకు పాలపొడి లేదు. మన ప్రభుత్వం ఓడల్లో బియ్యం, మందులు పంపుతోందని ఎదురు టీ కొట్టు టీవీలో పొద్దుటి నుంచీ చూపిస్తున్నారు. ఆ రోజు చెంచురామయ్య పేపరు చేత్తో పట్టుకునే మెట్లెక్కాడు.

"చూసినావా? రైతు పైపు కొంటే పన్ను, ట్రాక్టరు టైరు కొంటే పన్ను. వడ్ల మీద పన్ను లేదు కాబట్టి ముందు కట్టింది వెనక్కి కూడా రాదు. ఆ డబ్బంతా ఏమైతాండాది? ఓడెక్కి పోతాండాది!"

"మీ ఒక్కరి డబ్బే పోతోందా అన్నా?"

"నాది కూడా పోతాండాది గదా! అడిగే హక్కు లేదా నాకు?"

హక్కు ఉంది. పైగా పైపు సంగతిలో ఆయన చెప్పేది నిజమే. దుకాణందారు తాను కట్టిన పన్నును అమ్మకం పన్నులో తగ్గించుకోవచ్చు, రైతుకు ఆ దారి లేదు. ఆ మాట చెప్పబోతుంటే నా కంప్యూటర్లో మెయిల్ ఒకటి వచ్చింది. తెరిచి చూసి, ఆయన్ని కాసేపు మాట్లాడకుండా కూర్చోమన్నాను.

సువార్తమ్మ పేరు మీద వచ్చిన స్క్రూటినీ నోటీసు అది. రిటర్నుల్లో తేడా కనబడితే, దీనికి కారణం ఏమిటో చెప్పమని పన్నుల శాఖ అడిగే కాగితం. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

సువార్తమ్మది పులికాట్ చెరువు పక్క పల్లె. రొయ్యల గుంటలకు చెక్ ట్రేలు కుట్టిస్తుంది. చెక్ ట్రే అంటే వలగుడ్డ బిగించిన చిన్న తట్ట. మేత వేసి నీళ్లలోకి దించి, కాసేపటికి పైకి లాగి, రొయ్యలు తిన్నాయో లేదో చూసుకుంటారు. ఆమె దగ్గర ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. రేకుల షెడ్డు, పాత కుట్టు మిషన్లు. మహిళల చిన్న పరిశ్రమలకు బ్యాంకు లోనుతో పాటు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకుంది. అది వస్తే పక్కా షెడ్డు, రెండు కొత్త పవర్ మిషన్లు వస్తాయి. పోయిన వానాకాలం షెడ్డులోకి నీళ్లొచ్చి రెండు నెలలు పని ఆగింది. ఇంకోసారి ఆగితే ఆ ఆరుగురూ రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలకు, ఐసు నీళ్లలో చేతులు పెట్టే పనికి వెళ్లిపోవాల్సిందే.

ఆ సబ్సిడీ ఫైలే ఆమెను పట్టించింది. అందులో పెట్టిన బ్యాంకు కాగితాల ప్రకారం అమ్మకాలు ఒక రకంగా ఉన్నాయి, నేను పంపిన రిటర్నుల్లో అంతకంటే తక్కువ ఉన్నాయి. కావాలని దాచారని అధికారి తేలిస్తే జరిమానా పడుతుంది. ఎగవేత ముద్ర పడ్డ యూనిట్‌కు సబ్సిడీ ఇక రాదు.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. నలభై ఆరేళ్ల మనిషి, తెల్లచీర, చేతిలో బిల్లు పుస్తకాల సంచి. చెంచురామయ్య ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. పొమ్మంటే పోయే రకం కాదు.

బిల్లులన్నీ కూడి చూశాను. ఆమెది కాంపోజిషన్ స్కీమ్. చిన్న వ్యాపారులకు ఇచ్చిన వెసులుబాటు అది. బిల్లు బిల్లుకూ వివరం ఇవ్వనక్కర్లేదు, మూడు నెలలకోసారి మొత్తం అమ్మకం ఎంతో చెప్పి, దాని మీద కొద్ది శాతం పన్ను కడితే చాలు. రెండేళ్లుగా ఆ మొత్తాన్ని సువార్తమ్మ ఫోన్లో చెప్పడం, నేను ఎక్కించడం. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రతిసారీ సరిగ్గా పదోవంతు తక్కువ. ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు.

"సువార్తమ్మా, ఈ పదోవంతు ఏమైంది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అది నాది కాదు గదక్కా."

"నీది కాకపోతే ఎవరిది?"

"దేవుడిది. దశమభాగం. డబ్బు బ్యాంకులో పడంగానే తీసి పక్కన పెట్టేస్తా. మిగిలింది నాది. నాదానికి పన్ను కడతాండా."

 చెంచురామయ్య నవ్వు మొదలైంది. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "సర్కారు కన్నా ముందు దేవుడు టాక్సు పట్టుకుంటాండాడా? ఇదేదో బాగుండాదే!"

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. "రెండేళ్లు! ఒక్కమాట నాతో చెప్పి ఉంటే ఏం పోయేది నీకు?"

"నువ్వు అడగలేదు గదక్కా" అంది మెల్లగా.

నిజమే, నేను అడగలేదు. చెప్పిన అంకె ఎక్కించాను, ఫీజు తీసుకున్నాను. ఆ మాట విన్నాక కోపమంతా నా మీదికే తిరిగింది. ఎంత సిగ్గనిపించిందో ఇప్పుడు రాస్తున్నా గుర్తొస్తోంది.

"లాభంలో తియ్యొచ్చు గదా, మొత్తం అమ్మకంలో తియ్యడమేంది?" అని అడిగాను.

"మా అమ్మ అట్లనే తీసేది. సరిపోతాండాదిలే."

చెంచురామయ్య ఊరుకోలేదు. పేపరు ఆమె ముందు పరిచాడు. "సువార్తమ్మా, నీ పదోవంతు దేవుడికి, సర్కారుకి పన్ను, సర్కారేమో దాన్ని లంకకు పంపుద్ది. నీకు సబ్సిడీ ఇచ్చేదానికి మాత్రం నోటీసులు. న్యాయమా ఇది?"

ఆమె పేపర్లో బొమ్మ వంక చూసింది. ఓడలోంచి బస్తాలు దింపుతున్న బొమ్మ అది.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు పెద్ద గాలివాన వచ్చిందన్నా. ఇల్లు లేదు, పడవ లేదు. మూన్నెల్లు గోధుమనూక, పాలపొడి తిన్నాం. యాడినుంచి వచ్చిందో మా పల్లెలో ఎవరికీ తెలీదు. సంచి మీద అక్షరాలు చదివేవాళ్లు లేరు. ఆ సంచిగుడ్డతోనే మా అమ్మ నాకు లంగా కుట్టింది. ఆ దేశంలో కూడా ఎవరో ఒకరు పన్ను కట్టే ఉంటారు గదా."

"వాళ్లకు ఉన్నింది, ఇచ్చినారు. మనకుందా? మా దొరవారిసత్రం రోడ్డు చూడు ముందు."

"రోడ్డు కూడా వెయ్యాలన్నా. వద్దని ఎవరన్నారు?"

చెంచురామయ్యకు ఎప్పుడూ ఇంకో మాట ఉంటుంది. ఎందుకో ఆ రోజు పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. పైగా నెల్లూరు పన్నుల ఆఫీసులో విచారణ రోజు తన కారులో తీసుకెళతానన్నాడు. మమ్మల్ని తీసుకెళ్లడం కన్నా అధికారిని ఒకసారి చూడాలన్న ఆశే ఎక్కువని నాకు తెలుసు. లోపల నోరు తెరవనని మాట తీసుకున్నాకే సరే అన్నాను.

దారిలో సువార్తమ్మకు పాఠం చెప్పాను. "కూడికలో పొరపాటు జరిగిందని చెప్పు, చాలు. దేవుడి మాట ఎత్తొద్దు. అధికారులకు అవన్నీ అర్థం కావు."

ఆమె కిటికీలోంచి చూస్తూ వింది. వెంకటాచలం దాటాక అంది: "కూడిక తప్పు కాలేదక్కా. లెక్క కరెక్టే. నేను అనుకున్నదే తప్పు. తప్పు కానిదాన్ని తప్పని ఎట్లా చెప్పేది?"

 సబ్సిడీ పోయినట్టే అనుకున్నాను.

అధికారి వయసులో చిన్నవాడే. ఫైలు తిరగేసి సూటిగా అడిగాడు. "ప్రతి మూడు నెలలకీ పది శాతం. ఇంత శ్రద్ధగా దాచినవాళ్లను నేను చూడలేదమ్మా. ఏంటిది?"

నేను నోరు తెరిచేలోపే సువార్తమ్మ చెప్పేసింది, నా గదిలో చెప్పినట్టే, ఒక్క మాట మార్చకుండా. చెప్పి సంచిలోంచి నీలం అట్ట రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ల చర్చి సంఘం కానుకల రిజిస్టరు. సంఘం కోశాధికారిని బతిమాలి తెచ్చుకుందట. నాకు కూడా చెప్పలేదు.

అధికారి వేలు పెట్టి వరసలు చూశాడు. ఆమె రిటర్నుల్లో తగ్గిన మొత్తం ప్రతిసారీ ఆ పుస్తకంలో ఆమె పేరు పక్కన ఉంది. పక్కన కోశాధికారి సంతకం. అమ్మకాలు దాచాలనుకున్న మనిషి, దాచినదాన్ని ఊరందరి ముందూ పుస్తకంలో రాయించదు. ఆ మాట నేను చెప్పాను. అక్కడ నేను చేసిన పని అదొక్కటే.

"దేవుడికి ఇచ్చుకోండి, ఎవరూ వద్దనరు. కానీ అమ్మకం అమ్మకమే. ముందు మొత్తం చూపించాలి" అన్నాడాయన.

"ఇప్పుడు తెలిసింది సార్. కట్టేస్తా."

"చర్చిని వెనక్కి అడుగుతారా?"

"ఎందుకు సార్? ఆయన వాటా ఆయనకే. ఆయన వాటా మీద పన్ను నా వాటాలోంచి కడతా."

అధికారి రిజిస్టరు మూసి ఆమెకు తిరిగిచ్చాడు. గోడకానుకుని నిలబడ్డ చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు గానీ ఇచ్చిన మాట తప్పలేదు.

తేడా పన్ను, దాని మీద వడ్డీ కట్టించుకుని, ఇది పొరపాటేనని రాసి నోటీసు మూసేశారు. జరిమానా లేదు. మూడు నెలలకు సబ్సిడీ మంజూరైంది. ఆ కాగితం పట్టుకుని సువార్తమ్మ మెట్లెక్కి వచ్చిన రోజు నేను నిజంగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కింద జిరాక్సు అతను ఏమైందోనని పైకి వచ్చి చూశాడు.

"అక్కా, ఈసారి ముందే అడుగుతాండా. ఇందులో పదోవంతు తియ్యొచ్చా?"

"తియ్యడానికి అది నీ చేతికి రాదు తల్లీ. నేరుగా నీ లోను ఖాతాలో పడుతుంది."

"సరే, నా చేతిలోదే ఇస్తాలే" అని కూర్చుంది.

చెంచురామయ్య కూడా అప్పుడే రిటర్ను కోసం వచ్చాడు. సువార్తమ్మ సంగతి తర్వాత నేనొక అలవాటు చేసుకున్నాను. ఎవరు అంకె చెప్పినా, అది ఎలా వచ్చిందో అడుగుతాను. ఆయన్నీ అడిగాను, మాటవరసకే.

"అన్నా, ఈ మొత్తంలో అన్నీ ఉన్నాయా? ముందుగా తీసి పక్కన పెట్టేదేమైనా ఉందా?"

"నా దగ్గరేముంటాది? ప్రతిదానికీ బిల్లే. ఒక్క బోణీ తప్ప."

నేను పెన్ను కింద పెట్టాను. "బోణీ తప్ప అంటే?"

"పొద్దున మొదటి బేరం. ఆ డబ్బు కళ్లకద్దుకుని స్వామి డబ్బాలో వేస్తా. దానికి బిల్లేందమ్మా? అది నాది కా..."

అక్కడ ఆగిపోయాడు.  నేను సువార్తమ్మ వైపు చూడకూడదని చాలా ప్రయత్నించాను. ముప్పై ఏళ్ల దుకాణం. రోజూ మొదటి బేరం. ఒక్కోరోజు అది చిన్న వాషరు, ఒక్కోరోజు బోరుకు సరిపడా పైపులు.

ఆమె నవ్వొచ్చు, ఆ హక్కు ఆమెకుంది. నవ్వలేదు. బిల్లు పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని, అన్నకు చెల్లెలు చెప్పినట్టు చెప్పింది: "ఏం కాదులే అన్నా. ఆయన వాటా మీద పన్ను మన వాటాలోంచి కడితే సరిపోద్ది."

చెంచురామయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎంతవుద్దో చూడు పద్మమ్మా" అన్నాడు. డబ్బా విప్పినప్పుడల్లా గుడిలో కట్టిన డబ్బుకు రసీదులు ఉన్నాయి, వాటిని బట్టి లెక్క కట్టి, నోటీసు రాకముందే మేమే వెళ్లి కట్టేశాం. రసీదు చేతికివ్వగానే, "ఇందులో లంకకు పోయేదెంత?" అన్నాడు. పాత అలవాటు మరి. "ఒక గుప్పెడు బియ్యం పోతాయేమో" అన్నాను. "గుప్పెడైతే సరేలే. నెల్లూరు బియ్యమేనా?" అని మెట్లు దిగాడు.

పన్ను ఎగ్గొట్టేవాళ్లు నాకు తెలుసు, వాళ్ల అంకెలు ఎలా ఉంటాయో కూడా తెలుసు. కానీ మనుషులు తమది అనుకునేది ఎక్కడ మొదలవుతుందో, నాకు ఆ ఏడాది దాకా తెలియదు. దాన్ని ఏ ఫారంలోనూ అడగరు. ఇప్పుడు నేనే అడుగుతాను.

ఇప్పుడు చెంచురామయ్య బిల్లు పుస్తకం తెరిస్తే ప్రతి రోజు మొదటి బిల్లు మీద ఓ మూల పసుపు బొట్టు ఉంటుంది. అది బోణీ బిల్లు. డబ్బు స్వామి డబ్బాలోకే పోతుంది, బిల్లు మాత్రం నా దగ్గరికి వస్తుంది. ఆ పసుపు నా కీబోర్డుకు అంటుకుంటుంది. నేను తుడవను.