పది గింజల దండలు

వడివు టీచర్ సంగతి మా ఊళ్ళో ఎవరినడిగినా ముందు నిట్టూర్చి, ఆ తర్వాతే నోరు తెరుస్తారు. నేను ఆమె బాల్వాడిలో వంటమనిషిని. పేరు మాడత్తి. నా పొయ్యికీ ఆమె చాపకీ మధ్య తడిక కూడా లేదు. ఆమె చెప్పిన ప్రతి పాఠమూ పప్పు ఉడికించుకుంటూ నేనూ విన్నాను.

తెన్‌కాశి చుట్టుపక్కల ఊళ్ళలాగే మాదీ బీడీల ఊరు. ఆడవాళ్ళు పొద్దున్నే ఒళ్ళో చేట పెట్టుకుని అరుగుల మీద చేరతారు. చేతికి అడ్డం రాకుండా పిల్లల్ని మా దగ్గరికి తోసేస్తారు. వడివుకు ముందున్న టీచరు వాళ్ళచేత ఒకటి నుంచి వంద దాకా వల్లె వేయించేది. ఆ అరుపులకు కాకులు కూడా మా పంచన వాలేవి కావు. తీరా మూడు అరటిపళ్ళు చూపించి ఎన్నిరా అంటే ఒకడు ఎనిమిదనేవాడు, ఇంకొకడు నలభై అనేవాడు. అయినా చదువంటే అదేననుకున్నాం.

వడివుకు అది నచ్చలేదు. "లెక్క నోటికి వస్తే సరిపోదు మాడత్తక్కా, ముందు చేతికి రావాలి" అనేది. పైనుంచి వచ్చిన ప్లాస్టిక్ పూసల పెట్టె ఒకటి ఉండాలి నిజానికి. ఒక్క పూస పోయినా జవాబు చెప్పుకోవాలని పాత టీచరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. బదిలీ అయినప్పుడు తాళంచెవి కూడా పట్టుకుపోయింది. అందుకని వడివు తన పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ నాన్న కంసాలి. ఆయన బంగారం తూచడానికి వాడిన గురివింద గింజల డబ్బా అటక మీద ఉంటే తెచ్చుకుంది. మా వైపు ఆ గింజలు లేని ఇల్లు లేదు. చవితినాడు వినాయకుడి కళ్ళకు అతికించేది వాటినే. ఎర్రగా, నున్నగా, అన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

విడిగా ఇస్తే గింజలు దొర్లిపోతున్నాయని వాటిని దండలు గుచ్చింది. నానబెట్టి, ఎర్రగా కాల్చిన సూదితో ఒక్కోదానికీ తూటు పొడిచేది. సాయంత్రాలు నా పొయ్యి దగ్గరే ఆ పని. వేలు కాలినప్పుడల్లా "అమ్మో" అని చెవి తమ్మె పట్టుకునేది, నేను నవ్వేదాన్ని. ఒక్కో దండకు పది గింజలు. రెండు దండలూ మూడు విడిగింజలూ పెడితే, నిన్నటిదాకా నలభై అన్న పిల్లాడు ఇరవైమూడని చెప్పాడు. నాకైతే ఒళ్ళు పులకరించింది.

తీసివేతకు మేక ఆట కట్టింది. "మేక వచ్చింది, మూడు తింది, ఎన్ని మిగిలాయి?" అనేది. ఒక పిల్ల మేకలా వంగి "మే" అంటూ, మూడు గింజల్ని దారం కొసకు జరిపి గుప్పిట్లో దాచేది. మిగతావాళ్ళు మిగిలినవి వేలితో తడుముకుని చెప్పేవాళ్ళు.

అందరికీ వచ్చింది, ఇసక్కి కూతురు పేచ్చికి తప్ప. ఆ పిల్లకు మాటలే ఆలస్యంగా వచ్చాయి. అయిదు దాటితే వేళ్ళు తడబడేవి. "దాన్నొదిలెయ్యండి టీచర్, అది నా కర్మ. రేపు నా పక్కన చేట పట్టుకుని కూర్చుంటుందిలే" అనేది ఇసక్కి. వడివు ఊరుకోలేదు. ఆ పిల్ల వేలు తన వేళ్ళ మధ్య పట్టుకుని గింజ గింజా జరిపించేది. ఇంట్లో కూడా ఆడుకుంటే వస్తుందని ఒక దండ ఇచ్చి పంపింది.

మర్నాడు సాయంత్రం ఇసక్కి నవ్వుకుంటూ వచ్చింది.

"టీచర్, మీ మేక నిజంగానే మేసేసింది! పటుక్కున దారం కొరికి మూడు గింజలు నోట్లో వేసుకుంది. నమిలింది కూడా, రాకాసి."

"నీ కూతురు కదే, నోరు ఖాళీగా ఉంటుందా?" అంది పక్కింటి ముసలమ్మ. "అరటిపండు పెట్టు. తెల్లారేసరికి పోయినవి పోయినట్టే బయటికొస్తాయి."

మా ఊళ్ళో గురివింద గింజ మింగని పిల్లల్లేరు. ఎవరికీ ఏమీ కాలేదు. వడివు కూడా నవ్వింది.

మరునాడు పేచ్చికి వాంతులు పట్టుకున్నాయి. ఎండదెబ్బ అన్నారు. ఆ తర్వాత విరేచనంలో రక్తం పడింది. అప్పుడు ఆటో కట్టించుకుని తిరునెల్వేలి పెద్దాసుపత్రికి పరుగెత్తాం. వడివు దారంతా పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

డాక్టరు చిన్న కుర్రాడు, మంచివాడు. మంచం పక్కన వంగి, "ఎన్ని గింజలు తిన్నావమ్మా?" అన్నాడు.

మేమెవరమైనా చెప్పేలోపే పేచ్చి ఎండిపోయిన పెదాలు కదిపింది. "మూడు. ఏడున్నాయి" అంది.

ఇసక్కి కొంగుముడి విప్పి మిగిలిన దండ తీసి ఇచ్చింది. ఆయన వేళ్ళతో లెక్కపెట్టాడు. ఏడే. తర్వాత ఒక గింజను వెలుతురుకు పెట్టి చూశాడు.

"పెంకు గట్టిగా ఉన్న గింజ మింగితే ఏమీ కాదమ్మా, అరక్కుండా పోతుంది. తూటు పొడిస్తే లోపలి విషం ఒంట్లోకి దిగుతుంది. పైగా నమిలింది. దీనికి విరుగుడు లేదు. ఇవి ఎవరు పొడిచారు?"

"నేనే" అంది వడివు.

సెలైన్ పెట్టారు, ఏవేవో చేశారు. పేచ్చి ఇంకో రెండు రోజులుండి వెళ్ళిపోయింది. అంత చిన్న పాడె కట్టడం మా ఊళ్ళో మగవాళ్ళకు చేతకాలేదు, తండ్రే చేతుల మీద మోసుకుపోయాడు.

అంతకుముందు ఒకసారి తనిఖీకి వచ్చి, ఈ గింజల దండలు మెచ్చుకుని, పిల్లల మెళ్ళో వేసి ఫోటోలు తీయించుకుని వెళ్ళిన అధికారిణి మళ్ళీ వచ్చింది. "ఈ పిచ్చి పనులు ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అని వడివును పిల్లల ముందే కడిగేసింది. గురివింద గింజ తన కింద నలుపెరగదని మా పెద్దల సామెత. నోటిదాకా వచ్చింది, కానీ ఆ గింజ పేరు ఆ గదిలో ఎలా ఎత్తను? దండలన్నీ నా పొయ్యిలోనే తగలబెట్టించారు. ఇక మీద పిల్లల చేతికి ఏ వస్తువూ ఇవ్వకూడదన్నారు.

వడివు అక్షరాలా అలాగే చేసింది. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఒకటి నుంచి వంద దాకా అరుస్తున్నారు. ఆమె గోడవైపు చూస్తూ అరిపిస్తోంది. పాత టీచరు కనీసం పిల్లలవైపు చూసేది. పేచ్చిని తల్చుకుని ఏడ్చాను, కానీ నిజం చెబుతున్నాను, ఈ అరుపులు వింటుంటే వచ్చే ఏడుపు వేరు.

కర్మకాండ అయ్యాక ఒక మధ్యాహ్నం ఇసక్కి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వడివు లేచి తలవంచుకుంది. కొడుతుందనుకుంది కాబోలు. నేనూ అలాగే అనుకుని గరిటె కింద పెట్టాను.

"ఒక మాట అడుగుతా టీచర్" అంది ఇసక్కి. "మూడు పోతే ఏడని చెప్పింది కదా పిల్ల. తప్పా?"

"తప్పు కాదు ఇసక్కీ. సరిగ్గా చెప్పింది."

"మరి భలే అనలేదేం? ఎవరు సరిగ్గా చెప్పినా చప్పట్లు కొట్టి భలే అంటారు కదా మీరు. అది చెప్పినప్పట్నుంచీ మీ మొహమే చూస్తూ ఉంది టీచర్. చివరిదాకా మీవైపే చూసింది."

ఇసక్కి కాసేపు అక్కడే ఎదురుచూసి, బీడీ ఆకు తడిపి వచ్చానంటూ వెళ్ళిపోయింది.