గాలి లేచేలోగా రేవుకు

విరిగిన పుల్లీతో, కట్టుకున్న పంచె చింపి బెల్టుగా వేసి, కోట దారిలో కారు నడిపి, నిండు గాలిలో పోతున్న పడవను ఒక్క కేకతో ఆపించినవాడు ఈ జిల్లాలో నేను తప్ప ఇంకొకడు లేడు. ఈ సంగతి మా వీధిలో చాలామందికి చెప్పాను. నమ్మనివాడు లేడు. అయితే ఇక్కడ దారి వివరాలతో సహా రాస్తున్నాను. రేపు మీలో ఎవరైనా అదే దారి పట్టి పోయి, ఆ రేవులో నాలుగు మాటలడిగితే నా గుట్టు నిలవదు. అందుకని నడుమ నడుమ కొంత తగ్గించి చెప్పక తప్పదు.

ప్రయాణానికి కారణం మా వదినగారు రవణమ్మ. నా భార్య కామాక్షమ్మకు సొంత అక్క. దక్షిణాన పులికాటు సరస్సు ఒడ్డున ఆమె కాపురం. మా ఇంటికి వస్తే, మనిషి వీధి మలుపులో ఉండగానే గాజుల చప్పుడు వంటింట్లోకి వచ్చేది. రెండు చేతులా మోచేతి దాకా మట్టిగాజులు. ఆ చప్పుడు వినగానే కామాక్షమ్మ ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసేది.

పోయిన కార్తీకంలో మా తోడల్లుడు కాలం చేశాడు. అప్పుడు కామాక్షమ్మ విషజ్వరంతో మంచం మీద ఉంది. పలకరింపుకు అందరూ పోయారు, సొంత చెల్లెలు పోలేదు. జ్వరం తగ్గింది గాని ఆ లోటు తగ్గలేదు. ఇంతలో వదినగారు ఊరు విడిచి ఒంగోలు అవతల కూతురింటికి పోతున్నారని కబురొచ్చింది. రైల్లో పోతే నెల్లూరు స్టేషన్లోనే చూసుకునేవాళ్ళం. కాని ఆమె తన గేదెను వదిలి రానన్నారట. రైలుపెట్టెలో ఒంటరిగా ఎక్కిస్తే బెంగపెట్టుకుంటుందట. అందుకని గేదెతో, సామానుతో బకింగ్‌హాం కాలువ మీద పోయే సరుకు పడవలో ప్రయాణం. ఆ పడవ కోటకు తూర్పున ఉన్న రేవులో రాత్రికి ఆగి, మర్నాడు దక్షిణపు గాలి లేవగానే తెరచాప ఎత్తుతుంది. గాలి లేచేలోగా మేము రేవులో ఉండాలి. కూతురింట కుదురుకున్న మనిషి మళ్ళీ ఇటు వచ్చేదెప్పుడు, మేము అంత దూరం పోయేదెప్పుడు?

వైశాఖమాసం. తెల్లవారి ఆరు గంటలకు నెల్లూరులో బయలుదేరాము. కారు నల్లది, నాకంటె కొంచెం చిన్నది. షెడ్డునుంచి మరమ్మతై వచ్చి వారమైంది గనక శాస్త్రప్రకారం కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఒక కొబ్బరిచిప్పను పసుపు గుడ్డలో మూటగట్టి కారుకు కట్టాను. వెనక సీట్లో అక్క కోసం మొలకొలుకుల బియ్యం మూట. కామాక్షమ్మ ఒళ్ళో మామిడిపళ్ళ గంప.

ఏడున్నరకు గూడూరు. ఇడ్లీ, కాఫీ ఇద్దరికీ కలిపి అర్ధరూపాయి లోపే అయింది. చట్నీలో మిరపకాయ జాస్తి. ఈ దారిన పోదలచినవారు మంచినీళ్ళు ఇక్కడే నింపుకోవాలి. కారుకు కూడా.

గూడూరు దాటి తూర్పుకు తిరిగాక దారికి రెండు వైపులా కోతలైన మళ్ళు. కోట ఇంకా మూడు మైళ్ళుందనగా కామాక్షమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఎవురో కొబ్బరి వేపతా ఉండారు."

"ఈ బీట్లో ఎవరు వేపుతారు? ఊరుకో," అన్నాను.

మాట ముగియలేదు, ఇంజన్లో కీచుమని ఒక అరుపు. తర్వాత టపటపమని దెబ్బలు. తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి. కారు నిలబడింది.

బానెట్ ఎత్తి చూశాను. ఫ్యాను బెల్టు ఊడి కింద వేలాడుతోంది. ఫ్యాను వెనక పుల్లీ చుట్టూ నల్లగా ఏదో బిగుసుకుని ఉంది. చేత్తో తిప్పితే తిరగలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను, పుల్లీ అంటే మన బావి గిలక వంటిదే. ఇంజను బెల్టును తిప్పితే, బెల్టు ఆ గిలకను తిప్పుతుంది. గిలక తిరిగితేనే ఫ్యానూ, నీళ్ళ పంపూ తిరుగుతాయి. అది ఆగిందా, ఇంజను కాగి కూర్చుంటుంది.

ఇంతలో గూడూరునుంచి కోట పోయే బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. అతని వెనక సగం బస్సు దిగింది.

"పుల్లీ పట్టేసినాది సామీ. లోపల బేరింగు పోయుంటాది," అన్నాడు డ్రైవరు.

"బేరింగు కాదన్నా, పుల్లీనే పగిలుండాది," అన్నాడు కండక్టరు.

కోళ్ళబుట్ట చంకన పెట్టుకున్న ఒక ముసలాయన తల లోపలికి దూర్చి చూశాడు. "మా అల్లుడి మోటారుకు ఇట్టాగే అయినాది."

"మరి ఏం చేశాడు?" అన్నాను ఆశగా.

"అమ్మేసినాడు."

డ్రైవరు మంచివాడు. "పుల్లీ గూడూరునుంచి రావాల్సిందే. మీరిద్దురూ బస్సెక్కండి. కోటలో జట్కా దొరకతాది, రేవుకు పోవచ్చు," అన్నాడు. కామాక్షమ్మ అప్పటికే గంప నెత్తిన పెట్టుకుని, బియ్యం మూట మీద చెయ్యి వేసింది.

కారున్నవాడు కారులోనే పోయి వదినగారి ముందు దిగాలని నాకు పాడు ఆశ. "పది నిమిషాల పని, నేనే చేస్తాను, మీరు పోండి," అన్నాను. బస్సు పోయింది. దాని దుమ్ము అణిగిందాకా కామాక్షమ్మ అటే చూసింది.

పది నిమిషాలు గంటన్నరైంది. సుత్తితో పుల్లీని ఒక పక్క కొట్టాను, ఇంకో పక్క కొట్టాను. పగులు కోసం వేళ్ళతో తడిమాను, వేళ్ళు కాలాయి. కామాక్షమ్మ గట్టు మీద కూర్చుని తాటిచెట్లకేసి చూస్తూనే ఉంది. ఒక్క ఆకు కదలడం లేదు. ఆమె కూడా కదలడం లేదు.

అప్పుడు తాటాకు గలగలమంది.

ఆమె లేచి వచ్చి నన్ను పక్కకు నెట్టి ఇంజన్లోకి వంగింది. "కొబ్బరి వాసన ఈడనించే వస్తా ఉండాది," అని ఆ నల్లటి చుట్టలో వేలు పెట్టి లాగింది. మసి కింద పసుపు పచ్చని పీలిక బయటికి వచ్చింది.

"మూట యాడ కట్టినారు?"

ఇక్కడ తగ్గించి చెప్పక తప్పదు. బయట కడితే మేకలు పీకుతాయి. పైగా దిష్టి తగిలేది ఇంజనుకు గదా, కాబట్టి ఇంజనుకే కట్టాలని నా తెలివి. ఫ్యాను పక్కన కట్టాను. ముడి జారి, గుడ్డ పోయి పుల్లీకి చుట్టుకుని, బెల్టును బయటికి తోసేసింది. చిప్ప ఇంజను వేడికి వేగింది.

మామిడిపళ్ళ కోసం తెచ్చిన కత్తితో గుడ్డ కోసి తీశాము. పుల్లీ గిర్రున తిరిగింది. దాని మీద గీత కూడా లేదు. డైనమో బోల్టు వదులు చేసి అదే బెల్టు మళ్ళీ ఎక్కించి, ఇంజను చల్లారాక గూడూరు నీళ్ళు పోశాను. నా పంచె కూడా చిరగలేదు.

కోట దాటినాక దారి ఇసుక. సరుగుడు తోటల మధ్య కారును మెల్లగా పోనివ్వాలి, నిలిపితే చక్రాలు దిగబడతాయి. రేవు చేరేసరికి మధ్యాహ్నమైంది. రేవులో పడవ లేదు. పచ్చగడ్డి పరకలూ, గేదె పేడా ఉన్నాయి. టీ కొట్టు ఆమె చెయ్యి ఉత్తరానికి చూపింది.

"గేదె పడవేనా? ఇప్పుడే చాప ఎత్తినారక్కా. కట్టెమ్మడి పోతే అందతాది."

కామాక్షమ్మ అప్పటికే కట్ట మీద పరుగెత్తుతోంది. అరవై ఏళ్ళకు దగ్గరబడిన మనిషి. నేను బియ్యం మూట భుజాన వేసుకుని వెనక పడ్డాను. మలుపు తిరగ్గానే అతుకుల చాప కనిపించింది. ఆమె పడవ పక్కకు వచ్చి, దాంతో సమంగా నడవసాగింది.

"అక్కా!"

"కామాక్షీ! జొరం తగ్గిందా మే?"

"ఎప్పుడో తగ్గినాది. నువ్వు తింటా ఉండావా?"

"గేదె మేత ముట్టడంలేదే!"

"గేదె సంగతి కాదు, నిన్నడగతా ఉండా!"

నేను గొంతంతా పెట్టి పడవ ఆపమన్నాను. పడవవాడు చుక్కాని వదల్లేదు. "కర్పూరం ఎలిగించి ఎత్తిన చాప సామీ, రేవు రాకుండా దించం," అన్నాడు. ఆ మాట కామాక్షమ్మతో చెప్పినట్టే చెప్పాడు, నా వంక చూడలేదు. కాబట్టి పడవ ఆగిందన్న మాట కూడా తీసేయండి.

ఆమె నడుస్తూనే మామిడిపళ్ళు ఒక్కొక్కటే విసిరింది. కొన్ని నీళ్ళలో పడ్డాయి, కొన్ని గేదె ముందు పడ్డాయి. వదినగారు ఒక పండు అందుకుని చెల్లెలిని చూసి నవ్వారు. కొంత దూరం పోయాక ఒక వాగు వచ్చి కాలువలో కలిసింది. కట్ట అక్కడికి తెగింది. కామాక్షమ్మ నిలబడింది. చాప సరుగుడు చెట్ల పైగా చాలాసేపు కనబడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో విశేషాలు లేవు. కోటలో టీ, గూడూరులో దీపాల వేళ, ఎనిమిదింటికి ఇల్లు. పుల్లీ చప్పుడు చేయలేదు. బియ్యం మూట వెనక సీట్లో పోయినట్టే తిరిగివచ్చింది. పడవ ఆగకపోతేనేం, అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు కళ్ళారా చూసుకున్నారు, ఆ తృప్తి ముందు ఇంత శ్రమ ఎంత, అని రాసి ముగించాను.

రాసినదంతా కామాక్షమ్మకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళేరుతూ, పుల్లీ దగ్గరా పంచె దగ్గరా ఊరుకుంది. చివరకు వచ్చేసరికి చేట కింద పెట్టింది.

"మీరు మూటెత్తుకోని యాడనో ఎనకాల ఉండారు. అక్క నవ్వింది మీకెట్టా కనపడినాది? మొగం నాకే కనపడలా. చాప అడ్డం. పండు కోసరం చాప కిందనించి చెయ్యొకటి బయటికొచ్చినాది, అంతే. బోసి చెయ్యి. రాసేదుంటే అది రాయండి."