ఏనుగు దారిచ్చేదాకా

ఈ ఆగస్టులో ఇంగ్లండులోని మా బేసింగ్‌స్టోక్‌లో సరైన వాన లేదు. మా వీధి చివర కౌన్సిల్ వాళ్లు ఎండిన గడ్డి కోస్తుంటే ఆ దుమ్ము వాసన కారులోకి కొట్టింది. ఒక్కసారిగా నర్సయ్య అంకుల్ గుర్తొచ్చారు.

ఆయన మా పక్కింటివారు, కరీంనగర్ మనిషి. టాంజానియాలో సెరెంగెటి పార్కు దగ్గర ఒక లాడ్జిలో ముప్పై ఏళ్లు జీపులు బాగుచేసి, రిటైరయ్యాక ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చారు. ఒక వేసవి సెలవుల్లో నన్నూ మా అమ్మాయి మాన్వినీ ఆ పార్కుకు తీసుకెళ్లి, తనే జీపు నడిపారు. నా ఆత్రం వేరు. నా ఉద్యోగం కోసం లీడ్స్ నుంచి, స్నేహితుల నుంచి విడదీసి ఇక్కడికి తెచ్చానని పద్నాలుగేళ్ల మాన్వి నాతో మాట్లాడటం మానేసి అప్పటికి ఆర్నెల్లయింది. ఏ సింహాన్నో చిరుతనో చూపిస్తే కరుగుతుందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

కనుచూపు మేరా పసుపుపచ్చని గడ్డి, గొడుగు పట్టినట్టు తుమ్మచెట్లు, మధ్యమధ్య గుండురాళ్ల గుట్టలు. “మన కరీంనగర్ గుట్టల లెక్కనే లేవూ?” అని అంకుల్ మురిసిపోతున్నారు. ఎదురొచ్చిన జీపువాళ్లు ముందు చిరుత ఉందన్నారు. సరిగ్గా అప్పుడే ఒక తల్లి ఏనుగు పిల్లతో వచ్చి బాటకు అడ్డంగా నిలబడింది. ఇంగ్లండులో హారన్ ముట్టని పెద్దమనిషిని, ఆ మట్టిబాట మీద నాలోని హైదరాబాదీ లేచాడు. పక్క సీట్లోంచి చెయ్యి చాపి హారన్ నొక్కేశాను.

ఏనుగు చెవులు విప్పి రెండడుగులు ముందుకేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అంకుల్ ఇంజిన్ ఆపేశారు.

“సప్పుడు జెయ్యకు బిడ్డా. తొవ్వ దానిది. అదిచ్చినప్పుడే పోదాం.”

గంటసేపు కూర్చున్నాం. ఏనుగు గడ్డి పీకి, మట్టి దులుపుకుని, తాపీగా తింటూనే ఉంది. నేను చిరుత సంగతి మరిచిపోయాను. అప్పుడు వెనక సీట్లోంచి మాన్వి గొంతు వినబడింది.

“యూ నెవర్ ఆస్క్‌డ్ మీ, డాడ్. ఇల్లు మారేముందు. యూ జస్ట్ టోల్డ్ మీ.”

“నీ మంచికే కదమ్మా...” అనబోయాను. అంకుల్ నా మోకాలు గట్టిగా నొక్కారు. మాన్వి చెప్పుకుంటూ పోయింది. కొత్త స్కూల్లో ఒక్కతే కూర్చుని తినే లంచ్, ఎవరూ రాని పుట్టినరోజు, అన్నీ నా మీద ఫిర్యాదులే. వింటుంటే సిగ్గేసింది, ప్రాణం లేచొచ్చింది కూడా. ఏనుగు ఎప్పుడు పక్కకు తప్పుకుందో నేను చూడనే లేదు.

అంకుల్ పోయి రెండేళ్లయింది. నా కూతుర్ని నాకు తిరిగిచ్చిన మనిషికి సరిగ్గా థాంక్స్ కూడా చెప్పుకోలేదు. పోయిన నెల మాన్వి యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసి, మెడిసిన్ మానేస్తానంది. నా నోటినిండా సలహాలే. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. తను చాలాసేపు చెప్పి, ఆగి, అనుమానంగా అడిగింది.

“డాడ్, ఆర్ యూ స్టిల్ దేర్?”

“ఇక్కడే ఉన్నానమ్మా. చెప్పు.”