బస్సు పక్కకు వచ్చేదాకా

మా చెల్లెలికి చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. ఇనప కడ్డీల బూటు, చంకలో కర్ర. అయినా పట్టుబట్టి చదివి, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక స్కూల్లో టీచరుగా చేరింది. పాత బస్సుల మెట్లు దానికి కొండలే. కింది నుంచి నేను తోసి, పైనుంచి కండక్టరు లాగి, బియ్యం మూట ఎక్కించినట్టు ఎక్కించేవాళ్లం. డ్రైవరుకు అంత ఓపిక లేకపోతే బస్సు పోయేది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదు" అని హెడ్మిస్ట్రెస్ మొహాన చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే, రెండువేల దశకం మధ్యలో, మా దారిలో కొత్త రకం బస్సు వేశారు. దానికి మెట్లుండవట, కర్రతో నడిచేవాళ్లు కూడా ఎక్కేంత కిందికి ఉంటుందట. కొన్నాళ్లు నడిపి, జనానికి నచ్చితేనే ఉంచుతారట. ఆ ఆదివారం చర్చిలో నేను ప్రార్థించింది ఆ బస్సు కోసమే, నవ్వితే నవ్వండి.

మొదటిరోజు మా బెళ్ళందూరు స్టాపుకి నిగనిగలాడుతూ వచ్చింది. వచ్చి నడిరోడ్డు మీద ఆగింది! ఫుట్‌పాత్‌కూ దానికీ మధ్య ఆటోల వరస. ఫుట్‌పాత్ మీంచి అయితే తిన్నగా లోపలికి నడిచెయ్యొచ్చు. రోడ్డు మీదికి దిగి ఎక్కాలంటే మళ్లీ పాత కథే. లోపల ఒక ఆఫీసరు సీటు మెత్తగా ఉందా, ఏసీ చల్లగా ఉందా అని అందరినీ అడిగి రాసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వెళ్లి బస్సుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏనమ్మా, చావాలని ఉండాదా?" డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"పక్కకు తీసుకురాప్పా. అంతవరకు కదల్ను."

"ఆటోలు ఉండాయి కదమ్మా! నేనేం చేసేది?"

లోపలి వాళ్లు తిట్లు మొదలుపెట్టారు. వెనక బళ్లు ఆగిపోయాయి. స్కూలు గంట కొట్టే వేళవుతోంది, ఈ గొడవలో ఆ ఉద్యోగాన్ని నేనే ఊడగొడతానేమోనని భయం.

"అక్కా, ఇట్లా రా. అందరూ చూస్తా ఉండారు. నా మానం తీయొద్దు." చెల్లెలి గొంతు ఏడుపులో పడింది.

చివరికి కండక్టరే దిగి ఆటోల టాపుల మీద చరిచి వాటిని తరిమాడు. బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగింది. నేను చెయ్యి ఇవ్వబోతే చెల్లెలు విదిలించుకుంది. ఎవరూ పట్టుకోకుండా అది బస్సెక్కడం నేను చూడటం అదే మొదలు. స్కూలు గంట కొట్టకముందే చేరిందట. కానీ రాత్రి పడుకోబోయే ముందు, "రేపట్నుంచి నువ్వు స్టాపుకు రావద్దు" అంది.

నేను ఊరుకుంటానా? మర్నాడు కొబ్బరిబొండాల బండి చాటున నక్కాను. బస్సు వచ్చి మళ్లీ నడిరోడ్డులోనే ఆగింది. ప్రభువా, అయిపోయింది అనుకుని అడుగు ముందుకు వేసేలోపే, చెల్లెలు ఫుట్‌పాత్ దిగింది. ఆటోల సందులోంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయి బస్సు ఎదుట నిలబడింది. హారన్ మోగుతూనే ఉంది. అది కర్ర ఎత్తి ఫుట్‌పాత్ వైపు చూపించింది.

"పక్కకు రాప్పా!"

కండక్టరు దిగి మళ్లీ ఆటోలను తరిమాడు, బస్సు పక్కకు వచ్చింది. ఎక్కి, తలుపు మూసుకోబోతుండగా, చెల్లెలు బొండాల బండి వైపు తిరిగి అరిచింది.

"అక్కా, ఇంక ఇంటికి పో!"