పగులు మీద సత్తమ్మ రాత

2023 ఫిబ్రవరి. సూరత్‌లో, ఖటోదరాలోని ఒక చిన్న సంస్థలో నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. పాతబడిన మిల్లు షెడ్లు ఇంకా నిలుస్తాయో లేదో చూసి చెప్పడం మా రోజువారీ పని. ఆ నెలలో జిల్లా తూర్పు అంచున ఉన్న ఒక పంచాయతీ మమ్మల్ని పిలిచింది. అక్కడ ఎప్పుడో మూతపడిన నారోగేజ్ స్టేషన్ ఒకటి ఉంది. కట్టడం గట్టిగా ఉంటే అంగన్‌వాడీ పెడతారు, లేకుంటే కూలగొడతారు.

పట్టాలు ఎప్పుడో పీకేశారు. మిగిలింది రెండు గదులు, పెంకుల వసారా. టికెట్ల గదిలో పైకప్పు నుంచి కిటికీ దాకా వేలు దూరేంత పగులు. కూల్చమనే రాయాల్సి వస్తుందనుకున్నాను. అయితే ఆ పగులుకు అడ్డంగా, వరుసగా, జానెడు కాగితపు ముక్కలు అతికించి ఉన్నాయి. మేమూ ఇలాగే గాజు పట్టీ అతికిస్తాం, దాన్ని టెల్‌టేల్ అంటాం. పగులు పెరిగితే పట్టీ విరుగుతుంది. దగ్గరికెళ్లి చూస్తే కాగితాల మీద తెలుగు అక్షరాలు.

వాటిని అతికించిన మనిషి వసారాలోనే కూర్చుని ఉన్నాడు. రాజయ్య, ఆ స్టేషన్‌లో గ్యాంగ్‌మన్‌గా చేసినవాడు. ఎనభై దాటాయి. కరీంనగర్ నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, దూది దుమ్ము పడక పట్టాల పనికి మారాడట. తెలుగులో పలకరించగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"వరదొచ్చిన ఏడు గోడ నెర్రెలు బాసింది బిడ్డా. స్టేషన్ మాస్టర్ సాబ్ కాయితం అంటించి చూస్తుండుమన్నడు. నా భార్య సత్తమ్మ మైదా ఉడకబెట్టి, తారీకు రాస్తుండె. నాకు సదువు రాదు."

"మరి కొన్నిటి మీద ఏమీ రాసి లేదేం తాతా?"

"ఆమె పోయినంక నేనంటించినయి. ఏటా వానలు ఎల్లినంక ఒకటి."

"స్టేషన్ మూతపడ్డాక కూడానా?"

"చూడుమన్నోళ్లు, ఇగ చాలనలే గద."

ఆయనతో కలిసి మళ్లీ గోడ దగ్గరికెళ్లాను. మొదటి మూడు కాగితాలు చిరిగి ఉన్నాయి. తర్వాతివన్నీ చెక్కుచెదరలేదు. అంటే ఆ పగులు ఆగిపోయి ఏళ్లయింది.

"ఏం రాసిందో జర సదువు బిడ్డా. ఈ ఊళ్లె తెలుగు సదివేటోళ్లు లేరు. తారీకులే అని చెప్పింది."

తారీకులు మాత్రమే కావు. వరుసగా చదివాను. 'కొత్త మాస్టరు వచ్చిండు. మంచోడు.' 'పత్తి బేళ్లతోని జాగ లేదు. జనం ఎండల నిలబడ్డరు.' 'ఊరికి బస్సు పడ్డది. ఇయ్యాల మూడే టికెట్లు.' ఆమె రాసినవాటిలో చివరిది ఇది. 'ఆఖరి బండి పోయింది. ఈయన జెండా మడతపెట్టి గోడ చాటున ఏడ్చిండు. నేను చూడనట్టే ఉన్న.'

రాజయ్య ఆ కాగితాన్ని వేలితో తడిమాడు.

"చూసిందన్నట్టు," అన్నాడు మెల్లగా నవ్వుతూ. "ఇంకోసారి సదువు."

చదివాను.

నా గాజు పట్టీ కూడా ఒకటి పెట్టి, వానాకాలం దాటేదాకా ఆగాను. విరగలేదు. పగుల్లోకి పల్చటి సిమెంటు ఎక్కించే ముందు, సత్తమ్మ కాగితాలను తడిపి ఒక్కొక్కటే ఊడదీసి ఆయనకిచ్చాను. ఇప్పుడు ఆ గదిలో పిల్లలు అక్షరాలు దిద్దుకుంటున్నారు.

రిపోర్టులో 'ఇంతకుముందు పరిశీలించినవారు' అనే గడి ఉంటుంది. ఎప్పుడూ గీత కొట్టి వదిలేసేదాన్ని. ఈసారి ఇద్దరి పేర్లు రాశాను. అప్పటినుంచి ఏ కట్టడానికి వెళ్లినా, పరికరాల సంచి విప్పకముందే అక్కడ ఎక్కువకాలం ఉన్నవాళ్లెవరో అడిగి, వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటున్నాను.