గుర్రం పేరిట ఫోను నంబరు

రావులపాలెంలో ఒక పెళ్లి ఊరేగింపు. పెళ్లికొడుకు గుర్రమెక్కి కూర్చున్నాడు. అతని మేనమామ గుర్రం కాళ్ల దగ్గర టపాసుల దండ పరిచి అగ్గిపుల్ల తీశాడు. కళ్లెం పట్టుకున్న నాగబాబు వద్దన్నాడు.

"మా టపాసులు, మా ఇష్టం. నువ్వెవడివయ్యా?"

"ఆయ్, టపాసులు మీవేనండీ. గుర్రం నాదండీ. ఇది బెదిరిందంటే పెళ్లికొడుకుగారి తల నేలకి తగులుద్దండీ. బాసికం కట్టుకోవడానికి ఆ తల కావాలి కదండీ. ముందు ఆయన్ని దింపేసి, తర్వాత మీరు కాల్చుకోండి."

గొంతు పెంచలేదు. పెళ్లికొడుకే హడలిపోయి మామని కసిరాడు. దండ చుట్టి సంచిలో పడేశారు. ఆడపెళ్లివారి తరఫున వచ్చిన పాపాయమ్మ అదంతా చూసింది. ఆవిడ ఒకరిని మెచ్చుకోవడం ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆ రోజు మాత్రం, అరవకుండా నోరు మూయించడం తనకింకా చేతకాలేదని ఒప్పుకుంది, అదీ మనసులోనే.

నాగబాబుకి నలభై ఏడేళ్లు. కాలవగట్టు మీద రేకుల పాక. సగంలో చంటి అనే ఆడగుర్రం, సగంలో అతను. తల్లి పోయాక అతనికంటూ ఎవరూ లేరు. ముహూర్తాలున్నప్పుడు ఊరేగింపులు, లేనప్పుడు పరుగుపందేలు. ఆ పెళ్లి దగ్గర్నుంచీ పాపాయమ్మ రోజూ గడ్డిమోపు తెచ్చి పడేసి, ఊరందరినీ తిట్టి వెళ్లేది. "పిన్నిగారండీ" అనేవాడు, ఏ వరసా లేకపోయినా. ఆవిడ ఏమన్నా అవునన్నట్టు "ఆయ్" అనేవాడు. కొన్ని రోజులు అతను మనిషితో ఆడిన మాట అదొక్కటే. మిగతావన్నీ చంటితో.

ఓడలరేవు దగ్గర ఇసకలో పందెం పెట్టారు. ఈసారి పందెం డాక్టరు పెట్టిన కొత్త నిబంధన. పేరు, రక్తం గ్రూపు, తలకి ఇదివరకు తగిలిన దెబ్బలు, ఎవరికి ఫోను చెయ్యాలి, ఇవన్నీ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి జబ్బకి కట్టుకోవాలి. రౌతులు దాన్ని డాక్టరమ్మ తాయెత్తు అన్నారు.

రెండో చుట్టులో చంటి తడబడింది. నాగబాబు దాని తల మీదుగా వెళ్లి పడ్డాడు. హెల్మెట్ చిట్లింది. తనే లేచి నిలబడ్డాడు. డాక్టరు సత్యప్రియ పరుగెత్తుకొచ్చింది. ఆవిడది ఈ గోదావరి వైపు ఊరు కాదు.

"బాగానే ఉన్నారా?"

"ఆయ్."

"నేను చెప్పేది అర్థమవుతోందా?"

"ఆయ్."

"ఇది ఏ ఊరు?"

"ఆయ్."

"బానే మాట్లాడుతున్నాడు కదండీ, మలి పందేనికి ఎక్కించేద్దాం," అన్నాడు కమిటీ మనిషి.

గడ్డితో ఆటోలో వచ్చిన పాపాయమ్మ మధ్యలోకి దూరింది. "ఏ ఊరంటే ఆయ్ అంటాడేంటి డాక్టరమ్మా? మా వైపు వాళ్లు నిద్రలో కూడా అంటారు ఆ మాట. దాన్ని పట్టుకుని బాగున్నాడనుకుంటే ఎలాగ?"

డాక్టరు మళ్లీ అడిగింది. ఏ వారమో చెప్పలేకపోయాడు. కవరు విప్పి అందులో ఉన్న నంబరుకి ఫోను చేసింది. నాగబాబు జేబులోనే మోగింది.

"చంటి అని రాసుంది. ఎవరు?"

"అదిగో, ఒళ్లు దులుపుకుంటోంది," అంది పాపాయమ్మ. ఎవరో నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నారు. "గుర్రం ఫోనెత్తుద్దా? కొట్టేసి నా నంబరు రాయండి. నాకు చదువు రాకపోయినా ఫోనెత్తడం వచ్చు."

స్కానులో ఏమీ కనిపించలేదు. అయినా లోపల మెదడు అదిరిందని, ఇరవై ఒక్క రోజులు గుర్రమెక్కకూడదని, అది మానకముందే మళ్లీ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పింది. రెండు రోజులు ఒంటరిగా వదలొద్దంది. పాపాయమ్మ తన వసారాలోనే మంచం వేసింది. వెలుగు పడక అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడ్డానికి వచ్చేవాళ్లకి ఏం చెప్పాలో, ఎవరిని ఎలా కడిగెయ్యాలో ఆవిడ ముందే అనుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. కమిటీ వాళ్లు ఫోను కూడా చెయ్యలేదు. అనుకున్న తిట్లన్నీ ఆవిడ దగ్గరే ఉండిపోయాయి.

తొమ్మిదో రోజు పొద్దున్నే నాగబాబు తన పాక నుంచి భుజాన జీనుతో వచ్చాడు.

"ఎక్కడికిరా? చావడానికా?"

జీను అరుగు మీద దింపాడు. "ఎల్లుండి మండపేటలో పందెం ఉందని ఫోనొచ్చిందండీ. వస్తానని చెప్పేసేనండీ."

"తల నొప్పి తగ్గిందా?"

"లేదండీ."

"మరెందుకు చెప్పేవు?"

"నన్ను పిలిచేది ఆ పందేలవాళ్లే కదండీ."

పాపాయమ్మ అరుగు మీద జీను పక్కనే కూర్చుంది.

"ఇది లోపల ఎక్కడన్నా దాచండి పిన్నిగారూ. జీను లేకపోతే పందెంలోకి రానివ్వరు. ఎల్లుండి నేనొచ్చి అడుగుతాను. బాగానే ఉన్నానంటాను, ఒట్టు కూడా వేస్తాను. ఇవ్వకండి."